రుజువు చూపేవి, తీర్పు చెప్పేవి: విశ్వవిద్యాలయ చదువులో ఏఐ పనిముట్ల సమీక్ష

విశ్వవిద్యాలయాలకు ఏఐ పేరుతో ఇప్పుడు రెండు రకాల సరుకు వస్తోంది. ఒకటి చదువుకోవడానికి సాయపడతానంటుంది. రెండోది, ఆ మొదటిదాన్ని వాడి రాసినవాళ్లను పట్టిస్తానంటుంది. చాలా చోట్ల ఒకే కార్యాలయం రెండింటికీ చందా కడుతోంది. ఇక్కడ నాలుగింటిని పరిశీలించాం: గూగుల్ నోట్‌బుక్ఎల్ఎం, చాట్‌జీపీటీలోని స్టడీ మోడ్, విద్యార్థుల రాతల్లో నకలును వెతికే టర్నిటిన్ ఇచ్చే ఏఐ గుర్తింపు నివేదిక, గూగుల్ డాక్స్‌లోని వెర్షన్ హిస్టరీ. నాలుగోది అసలు ఏఐ కాదు, కానీ మూడోది చేయలేని పని అది చేస్తుంది కాబట్టి ఇక్కడికి వచ్చింది.

కొలిచిన గజం ఒక్కటే. ఈ పనిముట్టు చెప్పిన మాటను విద్యార్థి గానీ అధ్యాపకుడు గానీ స్వయంగా సరిచూసుకోవడానికి వీలుందా, లేదా? వేగానికి, భాష నున్నదనానికి మార్కులు వేయలేదు. ఆ రెండూ ఇప్పుడు అందరి దగ్గరా ఉన్నాయి.

నోట్‌బుక్ఎల్ఎం

2023 మే నెలలో ప్రాజెక్ట్ టెయిల్‌విండ్ పేరుతో గూగుల్ దీన్ని ప్రకటించింది, తర్వాత పేరు మార్చింది. పద్ధతి సులువే. పాఠ్యాంశాలు, పరిశోధన పత్రాలు, లెక్చర్ నోట్సు మనం ఎక్కిస్తాం. జవాబులు వాటిలోంచే వెతికి చెబుతుంది. జవాబులో వాక్యాల పక్కన చిన్న అంకెలుంటాయి. అంకె మీద నొక్కితే, ఆ మాట ఏ పత్రంలో ఏ పేరాలోంచి వచ్చిందో అక్కడికే తీసుకెళుతుంది. దీని విలువంతా ఆ అంకెలోనే ఉంది.

అది లేకపోతే ఏమవుతుందో 2023లో సైంటిఫిక్ రిపోర్ట్స్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం చూపింది. చాట్‌జీపీటీతో చిన్న వ్యాసాలు రాయించి, అందులో ఉదహరించిన మూలాలను ఒక్కొక్కటిగా వెతికితే, దాని వెనకాల నడిచే మోడళ్లలో జీపీటీ-3.5 ఇచ్చినవాటిలో 55 శాతం, జీపీటీ-4 ఇచ్చినవాటిలో 18 శాతం అసలు లోకంలోనే లేవు. ఉన్నవాటిలో కూడా సంపుటి సంఖ్యలు, సంవత్సరాలు, పేజీలు తప్పినవి చాలా కనిపించాయి. కారణం ఏమిటంటే ఆ మోడల్ గ్రంథసూచిని చూసి రాయదు. గ్రంథసూచి ఎలా ఉంటుందో తెలుసు కాబట్టి అలాంటిదాన్ని అల్లుతుంది. పేరున్న రచయిత, ఉన్న పత్రిక, నమ్మదగిన శీర్షిక, వెరసి లేని వ్యాసం. ఇప్పటి మోడళ్లు ఇంటర్నెట్‌లో వెతికి లింకులు ఇస్తున్నాయి కాబట్టి పూర్తి కల్పనలు తగ్గాయి. కానీ లింకు తెరుచుకున్నంత మాత్రాన అందులో ఆ మాట ఉన్నట్టు కాదు. డీఓఐ సంఖ్య, అంటే వ్యాసానికి ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య, ఉంటే డీఓఐ వెబ్‌సైటులో పెట్టి చూడాలి. శీర్షిక, రచయిత, సంవత్సరం మూడూ కలిస్తేనే లెక్కలోకి తీసుకోవాలి. డీఓఐ తెరుచుకుని వేరే వ్యాసం ప్రత్యక్షమయ్యే సందర్భాలు కూడా ఉంటాయి.

నోట్‌బుక్ఎల్ఎంను వాడే తీరులోకి వద్దాం. ఉచిత ఖాతాలో ఒక నోట్‌బుక్‌కు 50 మూలపత్రాల వరకు, ఒక్కో పత్రం 5 లక్షల పదాల వరకు పెట్టుకోవచ్చు. ఈ హద్దులు అప్పుడప్పుడూ మారుతుంటాయి. చోటుంది కదా అని సెమిస్టరు మొత్తాన్ని ఒకే నోట్‌బుక్‌లో కుక్కడం చాలామంది చేసే మొదటి పొరపాటు. యూనిట్‌కు ఒక నోట్‌బుక్ చొప్పున, 8 నుంచి 12 పత్రాలతో పెట్టుకుంటే జవాబులు చాలా పదునుగా వస్తాయి. ప్రశ్న అడిగినప్పుడు అది అన్ని పత్రాలనూ మొదటి నుంచి చివరి దాకా చదవదు. ప్రశ్నకు దగ్గరగా అనిపించిన ముక్కలను ఏరుకొచ్చి వాటితో జవాబు కడుతుంది. పత్రాలు పెరిగేకొద్దీ అసలు కావాల్సిన ముక్క ఆ ఏరివేతలో జారిపోయే అవకాశం పెరుగుతుంది. ఎడమవైపు జాబితాలో ప్రతి పత్రం పక్కనా టిక్కు గడి ఉంటుంది. రెండు వ్యాసాలను పోల్చాలంటే ఆ రెండింటికే టిక్కు ఉంచి మిగతావి తీసేయాలి. చాలామందికి ఈ గడులున్న సంగతే తెలియదు.

ఎక్కించే ముందు ఒక పరీక్ష తప్పనిసరి. పీడీఎఫ్ తెరిచి, మధ్యలోంచి రెండు వరుసలు కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించండి. అక్కడ అక్షరాలు సరిగ్గా వస్తే పనిముట్టుకూ సరిగ్గా అందే అవకాశం ఎక్కువ. ఏమీ రాకపోతే అది స్కాన్ చేసిన బొమ్మ, ముందు ఓసీఆర్, అంటే బొమ్మలోని అక్షరాలను పాఠంగా మార్చే పని, చేయించాలి. తెర మీద చక్కగా కనిపించిన పాఠం అతికించేసరికి గజిబిజి గుర్తులుగా మారితే, అది యూనికోడ్ కాని పాత ఫాంటుతో కూర్చిన ఫైలు. తెలుగు పుస్తకాల పీడీఎఫ్‌లలో ఈ బెడద బాగా ఎక్కువ. ఇలాంటి ఫైలును యథాతథంగా ఎక్కిస్తే పనిముట్టు తప్పు చూపకుండా, తీసుకున్నానని చెప్పి, తనకు అర్థమైన నాలుగు ముక్కలతో జవాబులు మొదలుపెడుతుంది. ఇబ్బంది అక్కడే. రెండు నిలువు వరుసలున్న పత్రికా వ్యాసాల్లో కొన్నిసార్లు ఎడమ వరుస వాక్యం కుడి వరుసలోకి దూకుతుంది. పట్టికల్లో అంకెలు తమ శీర్షికలను పోగొట్టుకుంటాయి. సమీకరణాల్లో పైఅంకెలు కిందికి దిగి, ఎక్స్ స్క్వేర్ కాస్తా ఎక్స్ టూ అవుతుంది. అందుకని ఎక్కించాక ఎడమవైపు ఆ పత్రం పేరు మీద నొక్కి, పనిముట్టు ఏ పాఠాన్ని తీసుకుందో ఒకసారి పైనుంచి కిందికి చూడాలి. రెండు నిమిషాల పని. గణితం, గణాంకాలు ఎక్కువగా ఉన్న సబ్జెక్టుల్లో ఇది చేయకుండా ముందుకు పోవడం దండగ.

మరో చిక్కు. గూగుల్ డాక్ ఎక్కించినప్పుడు దాని నకలు మాత్రమే వెళుతుంది. అధ్యాపకుడు అసలు నోట్సులో తప్పు దిద్దినా, మళ్లీ సింక్ చేయకపోతే విద్యార్థి నోట్‌బుక్ పాత తప్పునే వల్లె వేస్తూ ఉండవచ్చు. యూట్యూబ్ వీడియో ఇస్తే మాటల రాతప్రతిని మాత్రమే తీసుకుంటుంది. బోర్డు మీద ఏం రాశారో దానికి తెలియదు.

ఇక అంకెలను నమ్మడం గురించి. అంకె ఉంది కాబట్టి వాక్యం నిజమని అనుకుంటే అసలుకే మోసం. నొక్కి చూస్తే దొరికే తప్పులు మూడు నాలుగు తరహాలుగా ఉంటాయి. మూలంలో ‘ఉండవచ్చు’ అని ఉన్నది జవాబులో ‘ఉంటుంది’ అవుతుంది. రెండు విషయాలు కలిసి కనిపించాయని మూలం అంటే, ఒకదాని వల్ల రెండోది జరిగిందని జవాబు అంటుంది. వాక్యంలో మొదటి సగానికి ఆధారం ఉండి, రెండో సగం మోడల్ సొంతంగా తగిలించినది అవుతుంది. అన్నింటికంటే ప్రమాదకరమైనది మానవీయ, సామాజిక శాస్త్రాల్లో ఎదురవుతుంది: రచయిత ఖండించడానికని ఎదుటివారి వాదాన్ని ఒక పేరాలో వివరిస్తాడు, పనిముట్టు ఆ పేరాను ఏరుకొచ్చి అది రచయిత అభిప్రాయమే అంటుంది. అంకె నొక్కితే పేరా నిజంగానే అక్కడ ఉంటుంది, కాబట్టి తొందరలో ఉన్నవాళ్లు ఒప్పుకుంటారు. దీనికి మందు, ఆ పేరాకు పైన ఒకటి, కింద ఒకటి చదవడమే.

ఏయే ప్రశ్నలు అడగాలో కూడా తెలిసి ఉండాలి. ‘ఈ పత్రంలో నమూనాను ఎలా ఎంచుకున్నారు?’, ‘ఈ రెండింటిలో ఫలానా పదాన్ని ఎలా నిర్వచించారు?’ లాంటివి బాగా పనిచేస్తాయి. ‘ఈ పత్రాల్లో ఎవరూ చర్చించని అంశం ఏది?’ అన్న ప్రశ్న, పరిశోధక విద్యార్థులు మొదట అడిగేది, అస్సలు పనిచేయదు. లేనిదాన్ని చూపడానికి ఉన్నదంతా చదివి ఉండాలి. ముక్కలు ఏరుకొచ్చే యంత్రానికి అది సాధ్యం కాదు. అయినా జవాబు మాత్రం తడుముకోకుండా చెబుతుంది. పరిశోధనలో ఖాళీని వెతికే పని ఇంకా మనిషిదే.

2024 సెప్టెంబరులో వచ్చిన ఆడియో ఓవర్‌వ్యూ, అంటే ఇద్దరు మాట్లాడుకుంటున్నట్టు పత్రాల సారాన్ని వినిపించే సదుపాయం, జనంలోకి బాగా వెళ్లింది. కష్టమైన వ్యాసం చదవబోయే ముందు భయం పోగొట్టుకోవడానికి పనికొస్తుంది. చదవడం మానేసి వింటే మాత్రం నష్టం, ఎందుకంటే మాటలకు అంకెలు ఉండవు. ఏ వాక్యం ఏ పేజీదో చెప్పేవాళ్లు లేరు. ఆ రెండు గొంతులకూ ఏ వ్యాసమైనా అద్భుతమే, అది ఇంకో చిరాకు.

గోప్యత విషయంలో, ఎక్కించిన పత్రాలతో మోడల్‌కు శిక్షణ ఇవ్వమని గూగుల్ చెబుతోంది. అయితే వ్యక్తిగత ఖాతాలో బొటనవేలి గుర్తు నొక్కి అభిప్రాయం పంపితే, ఆ సంభాషణను మనుషులు చూసే అవకాశం ఉంది. సంస్థ ఇచ్చిన విద్యా ఖాతాకు షరతులు వేరు, రక్షణ ఎక్కువ. ఇంటర్వ్యూల రాతప్రతులు, రోగుల వివరాలు, తోటి విద్యార్థుల అసైన్‌మెంట్లు ఏ ఖాతాలోనూ ఎక్కించకూడదు, అందుకు అనుమతి పత్రంలో ముందే రాయించుకుని ఉంటే తప్ప. సమాచారం ఇచ్చినవాళ్లు పరిశోధకుడికి ఇచ్చారు, ఆయన వాడే సాఫ్ట్‌వేర్‌కు కాదు.

మా లెక్కలో 5కు 4. తగ్గించిన ఒక మార్కు, చదవలేని ఫైలును చదివినట్టు నటించినందుకు.

స్టడీ మోడ్

చాట్‌జీపీటీలో 2025 జులై 29న వచ్చింది. జవాబు నేరుగా చెప్పకుండా ప్రశ్నలు వేస్తూ, మెట్టుమెట్టుగా నడిపిస్తుంది. అదే ఏడాది పోటీ చాట్‌బాట్లయిన క్లాడ్‌లో లెర్నింగ్ మోడ్, జెమినిలో గైడెడ్ లెర్నింగ్ వచ్చాయి. మూడింటి దారీ ఒకటే.

ఇలాంటి మోడ్ ఎందుకు అవసరమో టర్కీలో సుమారు వెయ్యి మంది హైస్కూలు విద్యార్థులతో గణితంలో చేసిన ప్రయోగం చెబుతుంది. ఆ ఫలితాలు 2025లో పీఎన్ఏఎస్ పత్రికలో వచ్చాయి. మామూలు జీపీటీ-4 చేతికిచ్చిన గుంపు అభ్యాస లెక్కల్లో 48 శాతం మెరుగ్గా చేసింది. తర్వాత దాన్ని తీసేసి పరీక్ష పెడితే, అసలు ఏఐ ముట్టనివాళ్లకంటే 17 శాతం తక్కువ తెచ్చుకుంది. సూచనలు మాత్రమే ఇచ్చేలా కట్టడి చేసిన వెర్షన్ వాడిన గుంపు అభ్యాసంలో 127 శాతం మెరుగుపడింది, పరీక్షలో ఆ దెబ్బ దాదాపుగా తగల్లేదు. వాళ్లు బడిపిల్లలు, ఇక్కడున్నది విశ్వవిద్యాలయం. ఆ అంకెలను యథాతథంగా ఇక్కడికి మోసుకురాలేం. కానీ అభ్యాసంలో వచ్చిన మార్కు నేర్చుకున్నదానికి కొలత కాదన్న విషయం ఎక్కడైనా ఒకటే.

స్టడీ మోడ్ ఆ కట్టడి చేసిన వెర్షన్‌కు దగ్గరి చుట్టం. తేడా ఏమిటంటే, ఇక్కడ కట్టడి విద్యార్థి చేతిలోనే ఉంది. సంభాషణ మధ్యలో మోడ్ తీసేసి ‘జవాబు చెప్పు’ అంటే చెప్పేస్తుంది. విడుదలైనప్పుడు దీనికి అధ్యాపకులు వేయగల తాళమేదీ లేదు. మోడల్‌కు వెనకాల ఇచ్చిన అదనపు సూచనలతోనే ఇది నడుస్తుందని చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్ఏఐ కూడా చెప్పింది. దీని ఫలితం వాడేటప్పుడు తెలుస్తుంది: ఒకటికి రెండుసార్లు ‘తెలియదు’ అని కొడితే మెత్తబడి జవాబు జారవిడుస్తుంది. తప్పు మెట్టును కూడా ‘బాగా ఆలోచించారు’ అని మెచ్చుకుని ఆ తర్వాత సరిదిద్దుతుంది, కొన్నిసార్లు సరిదిద్దడం మరిచిపోతుంది.

ప్రయోజనం పొందాలంటే క్రమం ముఖ్యం. ముందు కాగితం మీద సొంతంగా ప్రయత్నించాలి, ఆగిపోయిన చోటు దాకా. ఆ ప్రయత్నాన్ని ఎక్కించి, ‘ఏ మెట్టులో తప్పిందో మాత్రమే చెప్పు, సరైన మెట్టు రాయకు’ అని అడగాలి. దిద్దుకున్నాక కిటికీ మూసేసి, మరుసటి రోజు అదే రకం లెక్క ఏ సాయమూ లేకుండా చేయాలి. ఆ చివరి మెట్టును దాదాపు అందరూ వదిలేస్తారు, నేర్చుకున్నది తేలేది మాత్రం అక్కడే. సెట్టింగుల్లో డేటా కంట్రోల్స్ కిందికి వెళ్లి, మోడల్ మెరుగుదలకు మన సంభాషణలు వాడుకునే మీట ఆపేయడం మరవకూడదు. వ్యక్తిగత ఖాతాల్లో అది మొదటినుంచీ వేసే ఉంటుంది.

5కు 3. స్వీయ నియంత్రణ ఉన్నవాళ్లకు 4 అనుకోవచ్చు, కానీ వాళ్లకు ఈ మోడ్ లేకపోయినా నడుస్తుంది.

ఏఐ గుర్తింపు నివేదిక

అన్నింటికంటే ఎక్కువ గొడవలు తెచ్చేది ఇదే కాబట్టి కాస్త తీరిగ్గా చూడాలి.

టర్నిటిన్ తన ఏఐ గుర్తింపును 2023 ఏప్రిల్ 4న విడుదల చేసింది. అంతకుముందునుంచీ ఉన్న సారూప్యత నివేదిక వేరు, ఇది వేరు. రెండూ ఒకే తెర మీద పక్కపక్కన కనిపించడం వల్ల కలిపి చదివేవాళ్లున్నారు. సారూప్యత నివేదిక ఏ వాక్యం ఏ మూలంతో కలిసిందో చూపుతుంది. అధ్యాపకుడు ఆ మూలం తెరిచి పోల్చుకోవచ్చు, ఉటంకింపు గుర్తులున్నాయా లేవా అని తేల్చుకోవచ్చు. ఏఐ నివేదిక ఒక శాతాన్ని, రంగు పూసిన వాక్యాలను ఇస్తుంది. పోల్చుకోవడానికి మూలమంటూ ఏదీ లేదు. ఆరోపణకు గురైన విద్యార్థి కాదని చూపడానికీ, అధ్యాపకుడు అవునని చూపడానికీ ఆధారం లేదు.

ఈ జాతి సాధనాలు చాలావరకు చూసేది మాటల ఊహనీయతను. తర్వాతి పదం ఏదో మోడల్ సులువుగా ఊహించగలిగితే, వాక్యాల పొడవులు ఒకే తీరుగా ఉంటే, యంత్రం రాసినదన్న అనుమానం పెరుగుతుంది. ఇందులోనే లోపం ఉంది. పరిమిత పదజాలంతో, నేర్చుకున్న మూసల్లో, జాగ్రత్తగా రాసే మనిషి రాత కూడా సులువుగా ఊహించగలిగేలాగే ఉంటుంది. ఇంగ్లీషు సొంత భాష కానివాళ్లు ఇంగ్లీషులో రాసేది అలాగే. 2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 7 గుర్తింపు సాధనాలకు ఇంగ్లీషు సొంత భాష కానివాళ్లు రాసే టోఫెల్ పరీక్షలోని 91 వ్యాసాలు ఇచ్చి చూశారు. మనుషులు రాసిన ఆ వ్యాసాల్లో సగటున 61 శాతం యంత్రం రాసినవిగా తేలాయి. అమెరికాలో ఎనిమిదో తరగతి పిల్లల వ్యాసాలను మాత్రం అవే సాధనాలు దాదాపు తప్పు లేకుండా గుర్తించాయి. ఇంకో తమాషా: ఆ టోఫెల్ వ్యాసాల పదజాలాన్ని చాట్‌జీపీటీతో మెరుగులు దిద్దిస్తే అనుమానం బాగా పడిపోయింది. నిజాయితీగా రాసినవాడు పట్టుబడి, యంత్రంతో తోమించినవాడు తప్పించుకుంటాడన్నమాట. ఆ ఏడింటిలో టర్నిటిన్ లేదు, ఆ మాట చెప్పకపోతే అన్యాయం. కానీ పద్ధతిలోని బలహీనత ఉమ్మడిది.

ఓపెన్ఏఐ సొంతంగా తెచ్చిన గుర్తింపు సాధనం కథ ఇంకా చిన్నది. 2023 జనవరి 31న విడుదల, జులై 20న ఉపసంహరణ, కారణం తక్కువ కచ్చితత్వం. వాళ్ల సొంత పరీక్షలోనే అది యంత్రపు రాతలో 26 శాతాన్ని పట్టుకుంది, మనిషి రాతలో 9 శాతాన్ని యంత్రానిదంది. ఆ మోడల్‌ను తయారుచేసినవాళ్లకే తమ మోడల్ రాతను పట్టుకోవడం చేతకాలేదు.

టర్నిటిన్ తన తప్పుడు గుర్తింపు రేటు పత్రం స్థాయిలో 1 శాతం లోపేనంటుంది. అదే నిజమనుకుందాం. వెయ్యి మంది నిజాయితీపరులు సెమిస్టరులో ఒక్కొక్కరు 10 అసైన్‌మెంట్లు ఇస్తే 10 వేల పత్రాలు. 1 శాతమంటే 100 తప్పుడు అనుమానాలు. వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం 2023 ఆగస్టులో ఈ సదుపాయాన్ని ఆపేసినప్పుడు ఇదే లెక్క వేసింది: 2022లో తమ దగ్గర సమర్పించిన పత్రాలు 75 వేలు, 1 శాతం తప్పినా 750 పత్రాలు.

అసలు లెక్క ఇంకో మెట్టు లోపల ఉంది. 200 మంది తరగతిలో 20 మంది ఏఐతో రాయించారనుకోండి. సాధనం వాళ్లలో 16 మందిని పట్టుకుంది. మిగతా 180 మందిలో తప్పుడు గుర్తింపు 1 శాతమైతే ఇద్దరు ఇరుక్కుంటారు. పట్టుబడిన 18 మందిలో 2, అంటే తొమ్మిదిలో ఒకరు నిర్దోషి. తరగతిలో భాషాపరంగా బలహీనులు ఎక్కువై ఆ రేటు 4 శాతానికి పోతే 7 మంది ఇరుక్కుంటారు. 23 మందిలో 7, అంటే పట్టుబడిన ప్రతి ముగ్గురిలో దాదాపు ఒకరు. ఏఐ వాడినవాళ్లు తక్కువగా ఉండే తరగతిలో ఈ నిష్పత్తి మరింత ఘోరంగా ఉంటుంది. తప్పుడు గుర్తింపు ఒక శాతమే కదా అని భరోసా పడేవాళ్లు ఈ భాగహారం చేసి ఉండరు.

వాడక తప్పని పరిస్థితిలో ఉన్నవాళ్లు కొన్ని హద్దులు తెలుసుకోవాలి. 300 పదాల లోపు రాతకు నివేదిక రాదు. కొనసాగింపు వచనానికే తప్ప అంశాల జాబితాలకు, కవిత్వానికి, ప్రోగ్రాం కోడ్‌కు ఇది పనికిరాదు. 1 నుంచి 19 శాతం మధ్య వస్తే అంకె బదులు నక్షత్రం గుర్తు చూపుతుంది, ఆ పరిధిలో తప్పులు ఎక్కువ కాబట్టి. ఈ నక్షత్రాన్ని ‘ఎంతో కొంత ఉంది’ అని చదవకూడదు. చెప్పలేనని దాని అర్థం. 40 శాతం అంటే 40 శాతం అవకాశం అని కాదు, రాతలో అంత భాగం అనుమానాస్పదమని. విద్యార్థి మీద చర్యకు ఈ నివేదిక ఒక్కటే ఆధారం కాకూడదని టర్నిటిన్ స్వయంగా రాసి పెట్టింది. కొన్న తర్వాత ఆ వాక్యం చదివే సంస్థలు ఎన్నో!

ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే గుర్తింపు సైట్ల గురించి ఒక్క ముక్క చాలు: విద్యార్థి రాతను అనుమతి లేకుండా ఎవరిదో తెలియని సర్వర్‌లో అతికించడం అధ్యాపకుడి తప్పు, వచ్చిన శాతం ఎంతైనా సరే. ‘ఇది నువ్వే రాశావా?’ అని చాట్‌జీపీటీనే అడగడం అంతకంటే తెలివితక్కువ. వేరే చోట్ల తాను ఏం రాసిందో దానికి గుర్తుండదు. ఏదడిగినా అవుననే మొగ్గు దానికుంది. 2023 మేలో అమెరికాలో ఒక అధ్యాపకుడు ఇలాగే అడిగి, తరగతిలో చాలామంది ఫలితాలు నిలిపేసి వార్తలకెక్కాడు.

5కు 1. ఆ ఒక్కటీ, అంకె చెప్పలేని చోట నక్షత్రం పెట్టే నిజాయితీకి.

వెర్షన్ హిస్టరీ

గూగుల్ డాక్స్‌లో ఫైల్ మెనూ కింద ఉంటుంది. పత్రం ఏ రోజు ఎలా పెరిగిందో చూపుతుంది. వర్డ్‌లో కూడా ఉంది, ఫైలు వన్‌డ్రైవ్‌లో గానీ షేర్‌పాయింట్‌లో గానీ ఉంటేనే. ఇది తీర్పు చెప్పదు. వ్యాసం మూడు వారాల్లో పెరిగిందా, ఒక అర్ధరాత్రి 1,800 పదాలు ఒక్కసారిగా వచ్చి పడ్డాయా అన్నది చూపి ఊరుకుంటుంది. రెండోదానికి కూడా అమాయకమైన కారణం ఉండొచ్చు: వేరే చోట రాసి అతికించి ఉండవచ్చు. అయితే అడగడానికి ఒక నిర్దిష్టమైన ప్రశ్న దొరుకుతుంది, జవాబు చెప్పడానికి విద్యార్థికి ఒక పాత చిత్తుప్రతి దొరుకుతుంది.

అమల్లో తప్పే చోటు ఒకటుంది. చూసే అనుమతి మాత్రమే ఇస్తే చరిత్ర కనిపించదు, ఎడిటర్ అనుమతి కావాలి. అధ్యాపకుడు ‘మేక్ ఎ కాపీ’ నొక్కితే కాపీలో చరిత్ర ఉండదు. పీడీఎఫ్‌గా సమర్పించమంటే అసలే ఉండదు. కాబట్టి పీడీఎఫ్‌తో పాటు అసలు డాక్ లింకు కూడా ఎడిటర్ అనుమతితో ఇవ్వాలని అసైన్‌మెంట్ షరతుల్లో మొదటి రోజే రాయాలి. గొడవ మొదలయ్యాక అడిగితే చాలామంది దగ్గర ఉండదు.

దీనికి పది నిమిషాల మౌఖిక పరీక్ష జతచేస్తే గుర్తింపు సాధనం అవసరం తీరిపోతుంది. మూడు ప్రశ్నలు చాలు: ఈ మూలాన్నే ఎందుకు ఎంచుకున్నారు, ఏ వాదాన్ని రాసి తర్వాత వదిలేశారు, ఈ పేరాలోని మాటకు ఎదురుగా ఎవరు ఏమంటారు. 60 మందికి 10 గంటలు పడుతుంది. 200 మందికి కష్టం. అక్కడ ప్రతి అయిదుగురిలో ఒకరిని చీటీ తీసి పిలవడం, ఆ సంగతి ముందే ప్రకటించడం ఆచరణలో నడుస్తుంది. అనుమానం ఉన్నవాళ్లనే పిలిస్తే అది పరీక్ష కాదు, విచారణ. వెర్షన్ హిస్టరీకి 5కు 4.

షరతులు రాసేటప్పుడు

ఏ పనిముట్టు కొన్నా, ఏ పనికి వాడొచ్చో అసైన్‌మెంట్‌ మీద రాయకపోతే ఉపయోగం లేదు. ‘ఏఐని బాధ్యతగా వాడండి’ అన్న వాక్యానికి అర్థమేమీ లేదు. ‘అంశం గురించి ఆలోచనలకు వాడొచ్చు, వాక్యాలు రాయించకూడదు, వ్యాకరణం దిద్దించుకోవచ్చు, మూలాలను ఏఐతో వెతికితే ప్రతిదాన్నీ తెరిచి చదవాలి’ అని పని పేరు పెట్టి చెప్పాలి. దీనికి సిద్ధంగా ఉన్న చట్రం కావాలంటే ఏఐ అసెస్‌మెంట్ స్కేల్ ఉంది: ఏఐ అసలు వద్దు అన్న స్థాయి నుంచి స్వేచ్ఛగా వాడుకోవచ్చు అన్నదాకా అయిదు మెట్లు. ఉచితం. సెమిస్టరులో ప్రతి అసైన్‌మెంటుకూ దాని మెట్టు అంకె వేస్తే సగం సందేహాలు తీరతాయి. ఒక్క హెచ్చరిక: ఇంటి దగ్గర చేసే పనికి ‘ఏఐ వద్దు’ మెట్టు పెడితే దాన్ని అమలు చేసే మార్గం ఎవరి దగ్గరా లేదు. ఆ మెట్టు తరగతి గదిలో, కళ్ల ముందు రాయించే పరీక్షలకే ఉంచుకోవాలి.

విద్యార్థి వైపునుంచి వెల్లడి పత్రం నాలుగు వరుసలు మించనక్కర్లేదు. ఇలా ఉంటే సరిపోతుంది: ‘ఫలానా పనిముట్టు, ఫలానా తేదీల్లో వాడాను. రెండో విభాగానికి ఉపశీర్షికలు సూచించమన్నాను; ఇచ్చిన ఆరింటిలో రెండు తీసుకున్నాను. ముగింపులో వ్యాకరణం దిద్దించాను. మూలాలన్నీ నేనే తెరిచి చదివాను. సంభాషణ లింకు జత చేశాను.’ ఏఐని సహరచయితగా పేర్కొనడం తప్పు. రచనకు బాధ్యత వహించలేనిది రచయిత కాలేదని ప్రచురణ నైతికతను చూసే కోప్ సంస్థ 2023 ఫిబ్రవరిలోనే స్పష్టం చేసింది.

అధ్యాపకుల వాడకానికీ ఇదే నియమం ఉండాలి. ప్రశ్నపత్రం ముసాయిదా, ఒకే ప్రశ్నకు మూడు రూపాలు, కష్టమైన భావనకు అదనపు ఉదాహరణలు, వీటికి చాట్‌బాట్ బాగా పనికొస్తుంది, తప్పు జవాబును సరైనదిగా గుర్తించిన బహుళైచ్ఛిక ప్రశ్న దొర్లకుండా ప్రతిదీ చేత్తో చేసి చూసుకుంటే. మార్కులు వేయించడం వేరే సంగతి. విద్యార్థి నేర్చుకున్నదాన్ని అంచనా వేసే ఏఐ వ్యవస్థలనూ, పరీక్షల్లో నిషిద్ధ ప్రవర్తనను కనిపెట్టే వ్యవస్థలనూ ఐరోపా సమాఖ్య 2024 నాటి ఏఐ చట్టం అధిక ప్రమాద జాబితాలో పెట్టింది. విద్యాసంస్థల్లో ముఖకవళికలను బట్టి భావోద్వేగాలను అంచనా వేసే వ్యవస్థలు, వైద్య, భద్రతా అవసరాలకు తప్ప, అక్కడ 2025 ఫిబ్రవరి 2 నుంచి నిషిద్ధం. ఆ చట్టం వర్తించని చోట కూడా కొనుగోలు కమిటీలకు ఆ జాబితా పనికొస్తుంది.

ఆ కమిటీలు అమ్మకందారుణ్ణి అడగాల్సినవి: మా విద్యార్థుల రాతలతో మోడల్‌కు శిక్షణ ఇస్తారా? డేటా ఏ దేశంలో ఉంటుంది? ఒప్పందం ముగిశాక ఎన్ని రోజుల్లో చెరిపేస్తారు, చెరిపినట్టు ఏం ఇస్తారు? ఇంగ్లీషు రెండో భాషగా ఉన్న విద్యార్థుల మీద తప్పుడు గుర్తింపు రేటు విడిగా ఎంత, ఆ పరీక్ష ఎవరు చేశారు? మొదటి మూడింటికి జవాబు సాధారణంగా ఒప్పందపు అనుబంధంలో ఉంటుంది. నాలుగోదానికి ప్రచార పత్రం చూపిస్తే సరిపెట్టుకోవద్దు. అంకె, నమూనా పరిమాణం రాతపూర్వకంగా చేతికి వచ్చేదాకా గుర్తింపు సదుపాయాన్ని చందాలోంచి తీసేయించి మిగతాదానికే సంతకం పెట్టవచ్చు. చాలా ఒప్పందాల్లో అది విడి అంశమే.